నాగావళికి ఒకలా, వంశధారకు ఇంకోలా: ప్రాసపదాలు ఎక్కడ వెతుక్కోవాలి?

పాటకో పద్యానికో ప్రాస దొరక్క ఆగిపోయినవాళ్ళు ముందు అడిగేది "ఏ యాప్ మంచిది?" అని. దానికి జవాబు చెప్పాలంటే మీకు కావలసింది ఏ ప్రాసో తెలియాలి. తెలుగులో పాదం మొదటి అక్షరానికీ, అదే పాదంలో ముందే నిర్ణయించిన ఇంకో చోట వచ్చే అక్షరానికీ కుదిరేది యతి, పాదాల రెండో అక్షరాల దగ్గర కుదిరేది ప్రాస, పాదాల చివర కుదిరేది అంత్యప్రాస. మూడింటినీ కలిపి "రైమింగ్" అనేస్తున్నాం గానీ, ఒకదానికి మాటలు దొరికే చోట రెండోదానికి దొరకవు. నిఘంటువు ముందు కూర్చుని అంత్యప్రాస వెతికేవాళ్ళకూ, చాట్‌బాట్‌ను కందపద్యానికి ప్రాస అడిగేవాళ్ళకూ విసుగు వచ్చేది అందుకే.

మాది శ్రీకాకుళం వైపు. కాబట్టి ఇక్కడి రెండు నదుల పేర్లనే పరీక్షకు పెడతాను. మీరు మీ ఊరి పేరుతోనో, మీ పాటలోని అమ్మాయి పేరుతోనో ఇదే పరీక్ష చేసుకోవచ్చు.

## ఒకే మాట, మూడు ముఖాలు

ముందు ప్రాస. కందంలో, ఉత్పలమాల లాంటి వృత్తాల్లో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. ఆ హల్లు మీద అచ్చు ఏదైనా ఫరవాలేదు. కానీ దాని ముందున్న మొదటి అక్షరం ఒక పాదంలో గురువైతే (దీర్ఘమో, పక్కన సున్నో ద్విత్వమో ఉన్న అక్షరమో అయితే) అన్ని పాదాల్లోనూ గురువే కావాలి. సున్న ఉంటే అన్నిచోట్లా సున్న, ద్విత్వం ఉంటే అన్నిచోట్లా ద్విత్వం.

'నాగావళి'తో మొదలుపెట్టామనుకోండి. మొదటి అక్షరం దీర్ఘం, రెండోది 'గ'. సాగు, వాగు, జాగు, బాగు, మాగాణి, రాగం, వేగం, తూగు, రేగు, మూగ, భోగి, జోగి. చివరికి మన గోగునారలోని గోగు కూడా పనికొస్తుంది. 'పగలు' పనికిరాదు, మొదటి అక్షరం లఘువు, అంటే పొట్టి అక్షరం. 'ముగ్గు' పనికిరాదు, ద్విత్వం. 'రంగు' పనికిరాదు, సున్న. అంత వడపోత తర్వాత కూడా చేతినిండా మాటలు మిగిలాయి. పాటకైతే ఇలా నాలుగు పాదాలు అల్లేయొచ్చు:

నాగావళి నీరొచ్చె
మాగాణికి కళ దెచ్చె
సాగుబడికి సిరినిచ్చె
జాగెరుగక కలిసొచ్చె

లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు లెక్కన ప్రతి పాదం ఆరు మాత్రలు, ఐదు మాత్రలుగా విరుగుతుంది. మొదట్లో గ-ప్రాస, చివర చ్చె-ప్రాస. గొప్ప కవిత్వమని కాదు, మాటలు ఎంత సులువుగా వచ్చాయో చూడమని.

ఇప్పుడు 'వంశధార'. రెండో అక్షరం సున్న తర్వాత వచ్చే 'శ'. అంశం, సంశయం, దంశం, అంశువు, లంకలో సీతమ్మ కూర్చున్న శింశుప. ఇంతకు మించి నాకైతే పాటలో పట్టే మాట తట్టదు. నాలుగు పాదాల పద్యంలో నదిని పొగుడుతూ సంశయం, దంశం ఎక్కడ పెడతారు? పెట్టొచ్చు గానీ పద్యం నది మీద ఉండదు, ప్రాస మీద ఉంటుంది.

యతికి వస్తే కథ తిరగబడుతుంది. 'వ'కు ప, ఫ, బ, భ అన్నీ చుట్టాలే. అచ్చు మాత్రం అ, ఆ, ఐ, ఔలలో ఒకటి అయితే చాలు. పంట, పాట, బంగారం, భాగ్యం, పల్లె, వాన, అన్నీ వంశధారకు యతిమైత్రి ఉన్నవే. నాగావళిలోని 'నా'కు మాత్రం న, ణలు తప్ప దగ్గరివాళ్ళు లేరు. 'ణ'తో మొదలయ్యే తెలుగు మాట ఎక్కడుంది? నవ్వు, నడక, నాట్లు, నాగలి, నమ్మకం అంటూ 'న' పేజీల్లోనే తిరగాలి. మరికొన్ని ప్రత్యేక యతులు ఉన్నాయి గానీ అవి కొత్తగా రాసేవాళ్ళ జోలి కాదు.

అంత్యప్రాసలోనూ వంశధారదే పైచేయి. కనులార, మనసార, నోరార, కడుపార, తార, సితార. నదిని చూసే కన్నూ, తాగే నోరూ, నిండే కడుపూ అన్నీ ఆ 'ఆర'లోనే ఉన్నాయి. నాగావళికి రవళి, జావళి, మురళి, సరళి ఉన్నాయి. దీపావళి, రత్నావళి, జనావళి అని రాసుకుపోతే అవి ప్రాసలా వినిపిస్తాయి గానీ, అన్నింటిలోనూ ఉన్నది ఒకే 'ఆవళి'. ఒకే మాటను నాలుగుసార్లు అన్నట్టే.

అందుకే "ఈ పదానికి ప్రాస ఉందా?" అన్న ప్రశ్న సగం ప్రశ్నే. పాదంలో ఎక్కడ పెడుతున్నారో చెబితేనే అది పూర్తవుతుంది. వంశధారను పాదం మొదట పెట్టి ప్రాస కోసం తల పట్టుకునే బదులు, పాదం చివరకు జరిపితే టెన్షన్ ఉండదు. లేదా ప్రాసనియమం లేని ఆటవెలదికో తేటగీతికో మారొచ్చు.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

సాధనాలను పోల్చేటప్పుడు నేను చూసేవి ఇవి. ఎక్కడి ప్రాసకు పనికొస్తుందన్నది మొదటిది, దాని సంగతి పైనే చెప్పాను.

రెండోది తూకం. ప్రాస కుదిరినా మాత్రలు కుదరకపోతే ఆ మాట ఆ పాదంలో పట్టదు. 'సాగు' మూడు మాత్రలు, 'సాగుబడి' ఐదు. ట్యూన్ ముందే ఇచ్చేసిన పాటలో ఇది ప్రాస కంటే పెద్ద సమస్య.

మూడోది లోతు, దీని గురించి కాస్త ఆగి చెప్పాలి. తెలుగులో అంత్యప్రాస చవగ్గా దొరుకుతుంది. డు, ది, ను, లు, కి, లో అన్న ప్రత్యయాలు ప్రతి వాక్యం చివరా ఉంటాయి. "వాన వెలిసింది, ఊరు నిద్రపోయింది" అంటే రెండూ 'ఇంది'తో ముగిశాయి గానీ చెవికి ఏమీ తగల్లేదు. "వాన వెలిసింది, మబ్బు కలిసింది, మనసు తెలిసింది" అంటే తగిలింది. ప్రత్యయం కంటే ముందున్న 'లిస' కూడా కలిసింది కాబట్టి. కురిసింది, మెరిసింది, విరిసింది, మురిసింది ఇంకో కుటుంబం. నా లెక్క ప్రకారం ప్రత్యయాన్ని చేత్తో మూసి చూడాలి. మిగిలిన భాగంలో ఒక్క అక్షరమైనా కలిస్తేనే అది ప్రాస. ఏ సాధనమైనా ఇచ్చిన జాబితాకు ముందు ఈ పరీక్ష పెట్టండి, సగం రాలిపోతుంది.

నాలుగోది నోరు. పాడేవాళ్ళు పలకగలరా, వినేవాళ్ళకు ఒక్కసారికే తెలుస్తుందా? పద్యం చదివేవాడు ఆగి నిఘంటువు చూసుకోవచ్చు. పాట వినేవాడు ఆగడు. పై స్థాయిలో స్వరం నిలబెట్టాల్సిన చోట ఆ, ఓ లాంటి నోరు తెరుచుకునే అచ్చు ఉంటే గాయకుడికి హాయి. మన మాటలేమో ఎక్కువగా ఇ, ఉలతో ముగుస్తాయి. పాటల్లో చివర "అమ్మా", "రా", "ఓ" తగిలించడం వెనక ఆ అవసరం కూడా ఉంది. 'ధార'లో 'ధా' దగ్గర ఎంతసేపైనా నిలబడొచ్చు, 'నాగావళి'లో 'ళి' దగ్గర నిలబడమంటే గాయకుడు మిమ్మల్ని తిట్టుకుంటాడు.

డబ్బు, సమయం సంగతి వేరే చెప్పక్కర్లేదు. వీటిలో చాలావాటికి డబ్బు అక్కర్లేదు, సమయం మాత్రం అన్నింటికీ కావాలి.

| దారి | యతికి | రెండో అక్షరం ప్రాసకు | అంత్యప్రాసకు | పాడుకునే మాటేనా? |
|---|---|---|---|---|
| అచ్చు నిఘంటువు | చాలా మేలు | ఓపికుంటే మేలు | దాదాపు శూన్యం | ఏరుకోవాలి |
| పర్యాయపద నిఘంటువులు | మేలు | కొంత | కొంత | పద్యానికి సరే |
| ఆన్‌లైన్ నిఘంటు శోధన | మేలు | మేలు | చాలా మేలు | ఏరుకోవాలి |
| ఛందస్సు సాఫ్ట్‌వేర్ | తనిఖీకి | తనిఖీకి | పెద్దగా లేదు | దాని పని కాదు |
| ఏఐ చాట్‌బాట్ | నమ్మలేం | నమ్మలేం | ఫరవాలేదు | కొన్నిసార్లు |
| సొంత పుస్తకం | రాసుకున్నంత | రాసుకున్నంత | చాలా మేలు | అవును |
| ఊరి నోరు | అడగొద్దు | అడగొద్దు | చాలా మేలు | దీన్ని మించింది లేదు |

## అచ్చు నిఘంటువు

1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం ఇప్పటికీ పద్యం రాసేవాళ్ళ ఇళ్ళలో కనిపిస్తుంది. ఇంగ్లీషు అర్థాలతో కావాలంటే 1852 నాటి బ్రౌన్ నిఘంటువు ఉంది. అచ్చు పుస్తకం అకారాది క్రమంలో ఉంటుంది కాబట్టి యతి వెతకడానికి దానంత సుఖం లేదు. 'న' పేజీలు తెరిచి కిందికి చదువుకుంటూ పోవడమే.

ప్రాసకు కూడా ఒక కిటుకుంది. రెండో అక్షరాన్ని బిగించి, మొదటి అక్షరాన్ని మారుస్తూ పోవాలి. కాగ-, చాగ-, జాగ-, తాగ-, మాగ-, రాగ-, వాగ-, సాగ- అని ఒక్కోచోట తెరిస్తే ఆ వరుసలో ఉన్నవన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ఆ తర్వాత కూగ-, మూగ-, ఊగ-. ఇది కొంచెం కూలిపని లాంటిదే, కానీ ఈ వెతుకులాటలో దొరికే మాటలు మీకు జ్ఞాపకం ఉండిపోతాయి. అంత్యప్రాసకు మాత్రం అచ్చు నిఘంటువు తెరవకండి. చివరి అక్షరం వరుసలో అది ఏమీ చూపించదు.

పర్యాయపద నిఘంటువులది ఇంకో దారి. ప్రాస దొరకనప్పుడు ప్రాసను కాకుండా మాటనే మార్చడం. మంచి మాటతో ముడిపడిన ప్రాస తెగకపోతే, అదే అర్థం ఉన్న ఇంకో మాట తెచ్చుకుంటే కొత్త ప్రాస తెరుచుకుంటుంది. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం, దానికి కొనసాగింపులా విజయనగర సంస్థాన కాలపు ఆడిదము సూరకవి రాసిన ఆంధ్రనామశేషం, రెండూ అచ్చతెలుగు పర్యాయపదాలను పద్యాల్లోనే కూర్చినవి. పద్యంలో ఇమిడిన మాటలు కాబట్టి వాటి తూకం కూడా చెవికి తెలుస్తుంది. పాట రాసేవాళ్ళకు వీటి అవసరం తక్కువ.

పొలం పాటలు, పనిపాటలు రాసేవాళ్ళు మాత్రం భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశం చూడాలి. 1962లో వచ్చిన వ్యవసాయ సంపుటంలో నాగలి భాగాల నుంచి కుప్పనూర్పుల దాకా ఏ ప్రాంతంలో ఏమంటారో ఉంటుంది. చేనేత మీద ఇంకో సంపుటం 1971లో వచ్చింది. పొందూరు ఖద్దరు మీద పాట రాస్తూ రాట్నం, మగ్గం తప్ప మూడో మాట రానివాళ్ళకు అది ఒక గని.

## ఆన్‌లైన్ నిఘంటు శోధన

నన్ను ఒకే ఒక్కటి ఎంచుకోమంటే, రాసేవాళ్ళలో ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. ఆంధ్రభారతి లాంటి సైట్లలో చాలా నిఘంటువులు ఒకేచోట ఉన్నాయి. పదం మొదటితో కాకుండా చివరితో వెతికే వీలున్న ఏ సైటైనా అంత్యప్రాసకు పనికొస్తుంది. అయితే నిఘంటువు ఎలా ఆలోచిస్తుందో తెలియకుండా వెతికితే ఖాళీ చేతులతో వస్తారు.

మొదటి సంగతి, నిఘంటువులో మాటలు మనం వాడే రూపంలో ఉండవు. 'సంశయం' ఉండదు, 'సంశయము' ఉంటుంది. కాబట్టి 'యం'తో వెతక్కండి, 'యము'తో వెతకండి. క్రియలైతే 'వచ్చాడు' ఉండదు, 'వచ్చు' ఉంటుంది. 'చ్చు'తో ముగిసేవి అడిగితే తెచ్చు, ఇచ్చు, మెచ్చు, నచ్చు, గుచ్చు, విచ్చు, నొచ్చు వరసగా వస్తాయి. వాటికి మీరే ప్రత్యయం తగిలించుకోవాలి. వచ్చాడు, తెచ్చాడు, నచ్చాడు, మెచ్చాడు. ఇందాకటి కురిసింది కావాలంటే 'రియు'తో వెతకాలి. కురియు, విరియు, మురియు దొరుకుతాయి. మెరిసింది మాత్రం తప్పించుకుంటుంది, ఎందుకంటే పాత నిఘంటువులో అది 'మెఱయు'. బండి ఱ ఒకటి, 'యు' ముందు అకారం ఒకటి, రెండు అడ్డాలు.

రెండోది అరసున్న. 'వాఁడు', 'మూఁడు' అని ఉన్నచోట మీరు 'వాడు' అని కొడితే అన్ని సైట్లూ క్షమించవు. మాట తప్పకుండా ఉండాలి అనిపించి దొరకకపోతే అరసున్నతోనూ, బండి ఱతోనూ మళ్ళీ కొట్టి చూడండి.

మూడోది కీబోర్డు గొడవ. 'ార' అన్న ముక్కను మాత్రమే కొడదామంటే ఫోన్ కీబోర్డు గుణింతం గుర్తును ఒంటరిగా రానివ్వకపోవచ్చు. అప్పుడు కార, తార, మార, సార అని ఒక్కో హల్లుతో అడగడమే. విసుగే గానీ, 'కనులార' లాంటిది మాత్రం ఇలా అడిగినా వస్తుందని హామీ లేదు. 'ఆర' చేరిన మాటలు నిఘంటువులో విడిగా ఎక్కకపోవచ్చు. అలాంటివి చెవిలోంచే రావాలి.

ఇక దీని అసలు లోపం. సైటు మీ ముందు వందల మాటలు పోస్తుంది, అందులో సగం ఎవరూ పలకనివి. తిక్కన కాలం మాట, నిన్న మొన్నటి మాట ఒకే వరసలో ఒకే అక్షరాల్లో కనిపిస్తాయి. కొత్తగా రాసేవాళ్ళు ఇక్కడే జారిపడతారు. తెలియని మాట ప్రాసకు అందంగా కుదిరిందని పల్లవిలో పెట్టేస్తారు, పాట పూర్తయ్యాక దాని అర్థం వాళ్ళే మైకులో చెప్పుకోవాల్సి వస్తుంది. జాబితాలోంచి మీ నోట ఎప్పుడైనా వచ్చిన మాటలు మాత్రమే ఏరుకోండి. పద్యానికైతే మీరు చదివిన పద్యాల్లో కనిపించిన మాటల దాకా వెళ్ళొచ్చు.

## ఛందస్సు సాఫ్ట్‌వేర్

ఛందం అనే సాఫ్ట్‌వేర్‌లో పద్యం పెడితే గణాలు, యతి, ప్రాస సరిపోయాయో లేదో చెబుతుంది. తప్పు ఎక్కడుందో చూపిస్తుంది. ఇది మాట వెతికేది కాదు, వెతికి తెచ్చిన మాటను తూచేది. కందం నేర్చుకుంటున్నవాళ్ళకు పక్కన కూర్చున్న మాస్టారంత ఉపయోగం. పాటలు రాసేవాళ్ళకు దీంతో పని లేదు.

## ఏఐ చాట్‌బాట్

"నాగావళికి ప్రాసపదాలు ఇవ్వు" అంటే క్షణంలో ఇరవై ఇస్తుంది. నేను వాడి చూసినంతలో అందులో ఎక్కువభాగం 'ళి'తోనో 'లి'తోనో ముగిసేవి. ప్రాస అంటే చివర కలిసేది అన్న ఇంగ్లీషు లెక్కనే అది పట్టుకుంటుంది. "రెండో అక్షరం గ, మొదటి అక్షరం దీర్ఘం" అని విడమరిచి చెబితే కొంత దారికొస్తుంది, అయినా మధ్యలో ఒక 'మగువ', ఒక 'రంగు' దూరిపోతాయి. మాత్రలు లెక్కపెట్టమంటే ధీమాగా తప్పు చెబుతుంది. అసలు లేని మాటను ఉన్నట్టే రాస్తుంది, దానికి అర్థం కూడా తనే కల్పిస్తుంది. కాబట్టి అది ఇచ్చిన ప్రతి కొత్త మాటనూ నిఘంటువులో చూడకుండా వాడొద్దు.

మరి ఎందుకు వాడాలంటే, భావాల కోసం. "ఏటి ఒడ్డున సాయంత్రం కనిపించేవి, వినిపించేవి చెప్పు" అని అడిగి, వచ్చిన వాటిలోంచి ప్రాస మీరు పట్టుకోవచ్చు. మాట అడగొద్దు, వస్తువు అడగండి.

## ఊరి నోరు

జానపదం బాణీలో రాసేవాళ్ళకూ, యూట్యూబ్‌లో ఉత్తరాంధ్ర ఫోక్ పాటలు చేస్తున్న కుర్రాళ్ళకూ ఇదే మొదటి దారి కావాలి. చాలామంది దీన్ని చివరికి వదిలేస్తున్నారు.

మన మాటలో ధ్వనులు మారినప్పుడు ప్రాసలు కూడా మారతాయి. చెప్పు 'సెప్పు' అవుతుంది, చేను 'సేను' అవుతుంది, వీధి 'ఈది' అవుతుంది, వెళ్ళి 'ఎల్లి' అవుతుంది, లేదు 'నేదు' అవుతుంది. ళ, ణలు చాలా నోళ్ళలో ల, న అయిపోతాయి. మహాప్రాణాలు దిగిపోతాయి. పుస్తకంలో వేరు వేరు గుంపుల్లో ఉన్న మాటలు ఊరి నోట్లో ఒకే గుంపులో చేరతాయి. ఇందాక 'వంశధార' ప్రాసకు శింశుప చెట్టు దాకా పోయాం కదా. ఊళ్ళో అది 'వంసదార'. ఇక హంస వచ్చేస్తుంది, కంసుడు వచ్చేస్తాడు. "హంసలా నడిసొచ్చె వంసదార" అని పాడితే కళింగపట్నంలో ఎవరూ ప్రాస తప్పిందనరు. పద్యంలో ఇది చెల్లదు, పాటలో చెల్లుతుంది. అదే మాటకు రెండు న్యాయాలు.

"ఏటి" సంగతి ఇంకా బావుంటుంది. ఏరు ఏటి అవుతుంది, ఏమిటి కూడా ఏటే. "ఏటొడ్డున కూకోని ఏటి సేస్తన్నావు" అంటే పాదం మొదట్లో, మధ్యలో ఒకే ధ్వని, రెండు అర్థాలు. ఇలాంటిది నిఘంటువు చివరి పేజీ దాకా చదివినా తట్టదు. పొలంగట్టు మీద ఎవరో ఎవరినో కేకేస్తుంటే తడుతుంది.

ఎక్కడ వినాలి? తప్పెటగుళ్ళు, జముకుల కథ చెప్పేవాళ్ళ దగ్గర. వాళ్ళు పాదాన్ని ముగించే తీరు, ఊపిరి తీసుకునే చోట ప్రాస పడే తీరు చూస్తే అంత్యప్రాస అలంకారం కాదనీ, తర్వాతి పాదం గుర్తుకు రావడానికి పెట్టుకున్న గుర్తనీ తెలుస్తుంది. విజయనగరంలో దసరా తర్వాత మంగళవారం సిరిమాను చుట్టూ జరిగే జాతరలో, నాట్ల రోజుల్లో మళ్ళ దగ్గర, పెళ్ళిళ్ళలో పెద్దోళ్ళ సరసాల్లో కూడా వినొచ్చు. "ఈ మాటకు ప్రాస చెప్పప్పా" అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు, నవ్వుతారు. పాడమనండి, వాళ్ళే చెబుతారు. అచ్చులో కావాలంటే శ్రీకాకుళంలో 1997లో కాళీపట్నం రామారావు గారు నెలకొల్పిన కథానిలయం ఉంది. ఉత్తరాంధ్ర రచయితల కథల్లోని సంభాషణలు చదివితే ఈ నుడికారం రాతలో ఎలా కుదురుతుందో తెలుస్తుంది.

రెండు జాగ్రత్తలు. పాటంతా పుస్తక భాషలో రాసి మధ్యలో ఒక 'నేదు', ఒక 'గుంటడు' చల్లితే అది యాస కాదు, వేషం. పలాస వాళ్ళకూ, పాలకొండ వాళ్ళకూ ఇట్టే తెలిసిపోతుంది. ఇక ఒకరి దగ్గర ఒక మాట విని వాడుకుంటే అది అందరి మాటే. పల్లవి మొత్తం తీసుకుంటే మాత్రం వీడియో కింద వాళ్ళ పేరు ఉండాలి, పాటకు డబ్బు వస్తే అందులో వాటా ఉండాలి. వీడియోకు లక్షల్లో వ్యూస్ వచ్చాక జరిగే గొడవల్లో సగం ఈ చిన్న పని ముందే చేయకపోవడం వల్లే.

## సొంత ప్రాస పుస్తకం

విన్నది ఎక్కడో ఒకచోట రాసుకోవాలి, అంతే. నోట్‌బుక్ అయితే ప్రాసాక్షరానికి ఒక పేజీ. ఫోన్‌లో షీట్ అయితే ఒక వరుసలో మాట, రెండో దాంట్లో ప్రాసాక్షరం, మూడో దాంట్లో మాత్రలు, నాలుగో దాంట్లో చివరి రెండు అక్షరాలు. ఫిల్టర్ పెట్టుకుంటే మీ నోటికి అలవాటైన మాటలతోనే మీకొక ప్రాస నిఘంటువు తయారవుతుంది. మొదటి కొన్ని నెలలు ఖాళీగా వెక్కిరిస్తుంది. ఆ తర్వాత పైన చెప్పిన అన్నింటికంటే ముందు మీరు తెరిచేది ఇదే.

## మీరెవరు?

కందం, వృత్తాలు నేర్చుకుంటున్నవాళ్ళు అచ్చు నిఘంటువు, ఛందం సాఫ్ట్‌వేర్ జతగా పెట్టుకోండి. ఆన్‌లైన్ శోధన సుఖానికి అలవాటు పడకముందే కొన్నాళ్ళు పేజీలు తిప్పండి. ప్రాస చిక్కనప్పుడు ముందు ఆ మాటను పాదంలో జరిపి చూడండి, తర్వాత పర్యాయపదం చూడండి, ఆ తర్వాతే ఛందస్సు మార్చండి.

ట్యూన్‌కు రాసేవాళ్ళకు ఆన్‌లైన్ శోధన, సొంత షీట్. మీకు ప్రాస కంటే తూకం, అచ్చు ముఖ్యం. ట్యూన్‌లో స్వరం నిలిచే చోట్లు ముందు గుర్తుపెట్టుకుని, అక్కడికి ఆకారం, ఓకారం ఉన్న మాటలు మాత్రమే వెతకండి. మిగిలిన చోట్ల ప్రాస తక్కువైనా ఎవరూ పట్టించుకోరు.

ఫోక్ పాటలవాళ్ళ సంగతి చెప్పేశాను. ముందు ఊరికి వెళ్ళండి, మిగతావన్నీ తర్వాత. చాట్‌బాట్‌ను మాత్రం యాసలో రాయమని అడగొద్దు. అది రాసే యాస ఏ జిల్లాదీ కాదు.

బడిలో పిల్లలకు పాటలు కట్టే టీచర్లకు వీటిలో ఏదీ అక్కర్లేదు. పిల్లలనే అడగండి. 'పిల్లి'కి ప్రాస చెప్పమంటే తల్లి, బల్లి, మల్లి, వెల్లుల్లి అంటూ తరగతి తరగతే లేస్తుంది. అందులో లేని మాటలు కూడా కొన్ని కల్పిస్తారు. చాట్‌బాట్ కల్పించిన వాటి కంటే అవి బావుంటాయి, ఉంచేయండి.

ఇంకొకరున్నారు. రేపు పొద్దున రిటైర్మెంట్ ఫంక్షన్, మాస్టారి మీద పాట ఈ రాత్రికే కావాలి. మీరు ప్రాస వెతక్కండి. అందరికీ తెలిసిన ఒక బాణీ తీసుకోండి, మాస్టారి గురించి ఊళ్ళో చెప్పుకునే నాలుగు సంగతులు రాసుకోండి, ప్రతి పాదం చివర "మాస్టారూ" పెట్టేయండి. ముందున్న మాటల్లో రెండు మూడు చోట్ల 'చ్చారు' కలిస్తే చాలు. వచ్చారు, ఇచ్చారు, తెచ్చారు, మెచ్చారు. ఈ 'చ్చు' కుటుంబం ఇలాంటి రాత్రుల్లో చాలామందిని గట్టెక్కించింది.